‘అట’ లేని పేరా

నమోదు 1
తొలకరి పడిన సోమవారం. మడదిబ్బ బల్లకట్టు బడి.

మా బడి నీళ్ళ మీద ఉంటుంది కాబట్టి ఏ పాఠం మొదలుపెట్టాలన్నా ముందు అడుగున ఊరిన నీళ్ళు తోడాలి. రెండు పాత బల్లకట్టులు జోడించి, పైన రేకులు కప్పి, దీన్ని బడి అన్నారు. దీనికి నేనొక్కదాన్నే టీచర్ని. పేరు రాజ్యలక్ష్మి. పిల్లలకి రాజ్యం టీచర్ని. నా వెనకాల ఏమని పిలుస్తారో కూడా తెలుసు, అది ఇక్కడ రాయను.

ఇవాళ లెక్కలూ సైన్సూ పక్కన పెట్టేశాను. పొద్దున్నే రేవు పలక మీద కబురు వెలిగింది. ఎగువన ఉన్న వరిలంకవాళ్ళు ఊళ్ళ తగాదాలు తీర్చే తూకం దగ్గర అర్జీ పెట్టారు. సముద్రపు కట్టలో ఉన్న లాకుని శాశ్వతంగా మూసెయ్యాలని వాళ్ళ కోరిక. లాకు మూస్తే పోటు నీరు లోపలికి రాదు. పోటు నీరు రాకపోతే మా పీతల చెరువులు చస్తాయి. చెరువులు చస్తే మడదిబ్బని ఎత్తేసి, మమ్మల్నందర్నీ మిట్టమీది పెట్టెమేడల్లో సర్దుతారు. ఈ బడినైతే సర్దను కూడా సర్దరు, విప్పి రేకులు అమ్ముకుంటారు. మా జవాబు వ్యాసం వచ్చే పౌర్ణమి పోటులోపు అందాలి.

ఆ వ్యాసం రాయాల్సింది పదహారేళ్ళ లోపు పిల్లలు. నా చిన్నప్పుడు ఇలా లేదు. ఎవరి వాదన వాళ్ళ చెవిలో కూచున్న యంత్రమే రాసిపెట్టేది. రెండు పక్షాల యంత్రాలూ అంత నున్నగా రాసేసరికి తూకం ముల్లు మధ్యలోంచి కదిలేది కాదు. ఒక్క తగాదా తెగలేదు. చివరికి నియమం మార్చారు. తీర్పు కింద ఎక్కువ కాలం బతకబోయేవాళ్ళే రాయాలి, చేత్తో రాయాలి. టీచరు ఎలా రాయాలో నేర్పొచ్చు. ఏం రాయాలో మాత్రం చెప్పకూడదు.

తెలిసిన మాట చెప్పకుండా ఊరుకోవడం నాకెంత కష్టమో మా ఆయన్ని అడగండి.

ఎవరు రాస్తారని అడిగితే తరగతి మొత్తం నాంచారి వైపు చూసింది. రత్తమ్మ కూతురు. పధ్నాలుగేళ్ళు. పీతల దళారులు కూడా ఆ పిల్ల నోటికి జడిసి తూకం సరిగ్గా వేస్తారు.

“నేన్రాస్తానండీ. వాళ్ళని కడిగి పారేస్తా,” అంది.

“కడగడం వేరు, వ్యాసం వేరు,” అన్నాను. పిల్లలు నవ్వారు. నాంచారి నవ్వలేదు.

నమోదు 2

తరగతికి ఈ చివర్నించి ఆ చివరికి వల తాడు కట్టించాను. ఇంటికో రెండు బట్టల క్లిప్పులు తెమ్మన్నాను. ఇదే మా ప్రణాళిక. ఒక్కో ఆలోచన ఒక్కో చీటీ మీద రాసి తాడుకి తగిలించాలి. మొదట మన మాట, అంటే మనకేం కావాలో ఒక్క వాక్యంలో. ఆ పక్కన కారణాలు. ప్రతి కారణం కిందా దాని సాక్ష్యం వేలాడాలి. సాక్ష్యం లేని కారణాన్ని గాలి ఎత్తుకుపోయినా వెతకొద్దన్నాను. ఆ తరువాత ఎదుటివాళ్ళ మాట. దానికి మన జవాబు. చివర ముగింపు.

ఎదుటివాళ్ళ మాట దగ్గర అందరూ ఆగిపోయారు.

“వాళ్ళ మాట మనమెందుకు రాయాలండీ?” అని అడిగాడు మస్తాన్‌వలి. వలి మా బడిలో అతి తక్కువ మాట్లాడేవాడు. వాడు ప్రశ్న అడిగాడంటే విషయం ఉన్నట్టే.

“తూకం రోజున ముందు ఆ పేరానే పైకి చదువుతారు. వరిలంకవాళ్ళు విని ‘ఇది మా మాటే’ అనాలి. అనకపోతే మన వ్యాసాన్ని పళ్ళెంలోనే పెట్టరు.”

“వాళ్ళెందుకంటారండీ? కావాలని కాదంటారు,” అంది నాంచారి.

“నిజంగా వాళ్ళ మాటే అయితే కాదనడానికి నోరు రాదు. ఊరంతా వింటూ ఉంటుంది.”

ఆ పిల్లకి నమ్మకం కుదరలేదు. తాడు మధ్యలో ఆ చీటీ ఒక్కటీ ఖాళీగా ఊగుతూ ఉండిపోయింది.

నమోదు 3

‘కదా’ మీద యుద్ధం ప్రకటించాను.

మొదటి చీటీలు చదివితే నా తల ప్రాణం తోకకి వచ్చింది. “పీతలకి పోటు కావాలి కదా.” “మడదిబ్బ మన ఊరు కదా.” “లాకు ఎప్పట్నించో ఉంది కదా.” ఒక్కదాంట్లో కారణం లేదు. ‘కదా’ అంటే ఎదుటివాణ్ణి నీ వైపు తల ఊపమని బతిమాలడం. బతిమాలడానికి వ్యాసం ఎందుకు, దండం పెడితే పోయె. అదే చెప్పాను. ఇక మీదట ఈ తరగతిలో ‘కదా’ అన్నవాళ్ళు డబ్బా తీసుకుని బల్లకట్టు నీళ్ళు తోడాలన్నాను.

బడి అడుగు ఇంత పొడిగా ఎప్పుడూ లేదు. మధ్యాహ్నానికి తరగతిలో సగం మంది చేతులు తడిసిపోయాయి. సాయంత్రం నాంచారి వాళ్ళ బాబాయి ఆంజనేయులు వచ్చాడు. చెరువులవాళ్ళ సంఘానికి పెద్ద ఆయన. గుమ్మంలో నిలబడి, “పిల్లలకి ఇంత గోలెందుకు టీచరుగారూ, పోటు లేందే మనం లేమని రాస్తే సరిపోద్ది కదా,” అన్నాడు.

పిల్లలంతా ఒక్కసారిగా నావైపు చూశారు. డబ్బా ఆయన చేతిలో పెట్టాను. ఆయన సంగతేమిటని కనుక్కుని, మీసాల్లో నవ్వుకుంటూ, చొక్కా చేతులు మడిచి తోడాడు. మంచివాడే. లాకు పేరెత్తితేనే మనిషి మారిపోతాడు.

నమోదు 4

‘కదా’ పోయాక కారణాలు పుట్టాయి. నాంచారి చెరువు గట్టున కూచుని పోటు వచ్చినప్పుడూ రానప్పుడూ పీతలు ఏం చేస్తాయో రాసుకొచ్చింది. వలి ఆ చీటీల్ని తాడు మీద అటూ ఇటూ జరిపాడు. వాడికి ఏ మాట వెనక ఏ మాట వస్తే నిలబడుతుందో కంటికి కనబడుతుంది కాబోలు. ఒక చీటీ తీసి రెండు క్లిప్పుల అవతల పెడతాడు, అంతే, వ్యాసం నడక మారిపోతుంది. ఇద్దరూ కలిసి చిత్తుప్రతి పూర్తిచేశారు. నేను దీర్ఘాలూ పొల్లులూ మాత్రమే దిద్దాను. ఒట్టు.

తుది తూకానికి ముందు ఒకసారి చిత్తుప్రతి చూపించుకోవచ్చు. చూపించాం. రేవు పలక మీద జవాబు వచ్చింది:

“కారణాలు బరువున్నవి. ఎదుటివారి పేరా తూగలేదు. అందులో ‘అట’ ఏడుచోట్ల ఉంది. చెప్పినవారు ఒక్కరూ కనబడలేదు.”

ఆ పేరా మళ్ళీ చదివించాను. నాంచారి గొంతు పెద్దది చేసి చదివింది. “వరిలంకలో నారు చచ్చిపోతోందట. బోరు నీళ్ళు ఉప్పగా మారాయట. అందుకని వాళ్ళు చాలా బాధపడుతున్నారట.” మూడో ‘అట’ దగ్గరికొచ్చేసరికి వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. నాంచారి మూతి కూడా వంకర తిరిగింది.

అప్పుడు నాకు తెలిసింది, తూకం ఎక్కడ అడ్డం తిరిగిందో. మన భాషలో ఆ రెండక్షరాలు ఊరికే ఉండవు. ‘అట’ అన్నామంటే చేతులు దులుపుకున్నట్టే. ఎవరో అన్నారు, నిజమో కాదో నన్నడక్కు. పైగా కాస్త మూతి తిప్పి అంటే వెటకారం కూడా. మడదిబ్బ మొత్తం ఆ ఊరి గురించి ఇన్నేళ్ళూ ఈ రెండక్షరాల్లోనే మాట్లాడింది. నేను కూడా.

నమోదు 5

పొద్దున నేను వచ్చేసరికే నాంచారి పేరా మళ్ళీ రాసి పెట్టుకుని ఉంది. ‘అట’లన్నీ కొట్టేసింది.

“అయిపోయిందండీ. చదవమంటారా?”

“చదువు.”

“వరిలంకలో నారు చచ్చిపోతోంది. బోరు నీళ్ళు ఉప్పగా మారాయి...”

“నువ్వు చూశావా?”

ఆగింది. “లేదండీ.”

“ఆ నీళ్ళు తాగావా?”

“నేనెందుకు తాగుతానండీ?”

“మరి తాగినదానిలా రాశావే. నిన్న వినికిడి మాట రాశావు. ఇవాళ అది కూడా కాదు, అబద్ధం రాశావు. నిన్నటిదే నయం.”

ఒంటికాలి మీద లేచింది. ఉంచితే తప్పంటారు, తీస్తే తప్పంటారు, మరేం రాయాలో చెప్పమంది. ఏం రాయాలో చెప్పకూడదు. ఎలా రాయాలో చెప్పొచ్చు. కాసేపు ఆలోచించి అన్నాను, “ఆ రెండక్షరాలు కలంతో పోవే. మరి దేంతో పోతాయో నువ్వే చూసుకో.”

పుస్తకం మూసేసి బయటికి వెళ్ళి, బల్లకట్టు అంచున కాళ్ళు వేలాడేసి కూచుంది. వలి వెళ్ళి పక్కన కూచున్నాడు. వాళ్ళేం మాట్లాడుకున్నారో వినబడలేదు. తిరిగొచ్చి, “వరిలంక పోవాలండీ,” అంది.

నాకు ఆ పిల్లని ఎత్తుకుని తిప్పాలనిపించింది. పధ్నాలుగేళ్ళ పిల్ల, ఎత్తుకోనివ్వదు. “సరే,” అని మాత్రం అన్నాను.

నమోదు 6

ఊళ్ళో గొడవ అయింది. తగాదా నడుస్తుండగా అవతలి ఊరికి పోవడం మా దగ్గర లేదు. అలా పోకూడదని నియమాల్లో ఎక్కడా లేదు. ఎవరూ పోరు, అంతే.

ఆంజనేయులు బడికి వచ్చి ఈసారి గుమ్మంలో ఆగలేదు. “వాళ్ళ గడప తొక్కిస్తారా మా పిల్లతో? అది అక్కడికెళ్ళి జాలిపడి వస్తే మా గతేంటి?”

“జాలిపడితే పడిపోయే వాదన అయితే అది ముందే పడిపోయినట్టు,” అన్నాను.

“మీకేంటండీ, జీతం మిట్టమీద నుంచి వస్తంది.”

ఆ మాటకి నాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందని ఆయనకి తెలిసేలాగే చెప్పాను. ఈ బల్లకట్టు మీద పదకొండేళ్ళుగా ఉంటున్నాను, లాకు మూస్తే పోయేది నా బడి కూడా అన్నాను. గొంతు కాస్త పెరిగి ఉంటుంది. పిల్లలు అక్షరం పొల్లుపోకుండా విన్నారు.

నాంచారే లేచి నిలబడింది. “బాబాయ్, నేను జాలిపడను. చూసొస్తా.”

ఆయన పడవ మాత్రం ఇవ్వనన్నాడు. వలి వాళ్ళ నాన్న చిన్న దోనె ఇచ్చాడు. పిల్లలు ఒంటరిగా అంత దూరం పోకూడదు, పెద్దవాళ్ళు తోడుండాలి. తూకం నియమం ప్రకారం తోడు వెళ్ళే పెద్దవాళ్ళు తెడ్డు వెయ్యొచ్చు, నోరు మెదపకూడదు. తోడు నేనే.

నమోదు 7

నా జన్మలో ఇంతసేపు మాట్లాడకుండా ఉన్నది ఇదే మొదలు. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని కూచున్నాను. దాని వగరుకి నోరు తెరవాలన్నా తెరుచుకోదు.

నాంచారీ, వలీ, నేనూ పోటుతో పాటే ఏటికి ఎదురు పోయాం. నాంచారి వాళ్ళ చెరువుకి కాస్త ముందు కాలువ ఇరుకవుతుంది. రెండు గట్లూ దగ్గరికొచ్చి, నీరు బిరబిరా లాగుతుంది. ఆ ఇరుకు మా ఊళ్ళో అందరికీ తెలుసు. దాని గురించి ఎవరూ మాట్లాడరని కూడా అందరికీ తెలుసు. నాంచారి దాటాక కూడా వెనక్కి తిరిగి దాన్నే చూసింది. నేను కరక్కాయ గట్టిగా నమిలాను.

వరిలంక రేవులో మమ్మల్ని చూసి మనుషులు మాటలాపేశారు. ఒక పిల్ల ముందుకొచ్చింది, నాంచారి ఈడుదే. రెండు జడలు, బురద కాళ్ళు.

“ఎవరు మీరు?”

“మడదిబ్బ. లాకు వ్యాసం నేనే రాస్తన్నా. నువ్వు?”

“తిరుపతమ్మ. మా వైపు నేన్రాస్తన్నా.”

ఇద్దరూ ఒకర్నొకరు పైనుంచి కిందికి చూసుకున్నారు. ఆ తరువాత తిరుపతమ్మ నడవడం మొదలుపెట్టింది. మేం వెనకాలే నడిచాం.

నారుమళ్ళు చూశాం. మొలకల చివర్లు కాలినట్టు ఎర్రబడి ఉన్నాయి. మడి గట్టున తెల్లటి పొర. నాంచారి వేలితో గీకి నాలిక మీద పెట్టుకుంది. వలి మడులన్నీ తిరిగి చూసి వచ్చాడు. మధ్యాహ్నం తిరుపతమ్మ వాళ్ళ మామ్మ అన్నానికి కూచోబెట్టింది. పప్పు, వంకాయ కూర. తగాదా ఉన్నంతమాత్రాన అన్నం వేళకి వచ్చినవాళ్ళని పంపేస్తారా అంది. నాంచారి ఆకలి మీద ఉంది, గబగబా తింటోంది.

“ఉప్పు సరిపోయిందా అమ్మా?” అంది మామ్మ.

“సరిపోయిందండీ.”

“నేనెయ్యలేదు. మా ఇంట్లో ఉప్పు డబ్బా తీసేసి రెండేళ్ళయింది. నీళ్ళలోనే వస్తంది.”

నాంచారి చెయ్యి కంచంలో ఆగిపోయింది. తలెత్తి మామ్మని చూసింది, పక్కనున్న చెంబుని చూసింది. తరువాత చెంబెత్తి నీళ్ళు గడగడా తాగి, సగం అన్నం వదిలేసి లేచింది. ఆ మొహం చూడలేక నేను దూలాల వైపు చూశాను.

బయల్దేరేముందు తిరుపతమ్మ తన వ్యాసం తెచ్చింది. ఎదుటివాళ్ళ మాట రాసిన పేరా నాంచారికి చదివి వినిపించింది. “పోటు రాకపోతే మడదిబ్బలో పీతలు బతకవట. ఆ పీతలే వాళ్ళకి ఆధారమట...”

నాంచారి ఫక్కున నవ్వింది. “నువ్వూ ‘అట’ రాశావే!”

“రాస్తే ఏంటి?”

“రేపు మా ఊరు రా. చెబుతా.”

నమోదు 8

తిరుపతమ్మ వచ్చింది. వాళ్ళ టీచరు తెడ్డు వేస్తూ వచ్చాడు, పాపం ఆయన కూడా నోరు మెదపకూడదు. ఇద్దరం గట్టు మీద పక్కపక్కన కూచుని పొద్దు పోయేదాకా ఒకరికొకరు తల ఊపుకున్నాం. ఆయన బుగ్గలో ఏం పెట్టుకున్నాడో తెలియలేదు.

పోటు తగ్గిన చెరువులో పీతలు గట్టెక్కి పారిపోతుంటే తిరుపతమ్మ మా పిల్లలతో పాటు పరిగెత్తి పట్టింది. వేలు కొరికించుకుంది. ఏడవలేదు. ఆంజనేయులు దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు. కాసేపటికి పసుపు మాత్రం పంపించాడు.

నమోదు 9

ఇవాళ తాడు దగ్గర పెద్ద తగువు. నాకూ వలికీ.

పొద్దున చూస్తే ఎదుటివాళ్ళ మాట చీటీ మధ్యలో లేదు. తాడుకి మొట్టమొదట వేలాడుతోంది, మన మాట కంటే ముందు. ఎవరు తీశారని అరిచాను. వలి చెయ్యెత్తాడు.

“వరస తెలియదా? ముందు మన మాట. ఇన్ని రోజులు ఏం నేర్పాను?”

వాడు నేల చూస్తూ అన్నాడు, “అది చదివాకే నాంచారి మన మాట రాసిందండీ. అదే వరసలో పెట్టాను.”

అప్పుడు చూశాను మన మాట చీటీని. “లాకు ముయ్యకూడదు” అన్న పాత చీటీ లేదు. కొత్తది ఉంది. “లాకు తెరిచే ఉంచాలి. ఇరుకు దగ్గర కట్ట వేసి పోటుని అక్కడ ఆపాలి.”

రెండుసార్లు చదివాను. ఇరుకు దగ్గర కట్ట వేస్తే ఉప్పు వరిలంక దాకా పోదు. మా చెరువులు కట్టకి ఈవలే ఉంటాయి, పోటు మామూలుగా వస్తుంది. కట్టకి ఆవల పోటు అందకుండా మిగిలేది ఒకే ఒక్క చెరువు. రత్తమ్మది. నాంచారి వాళ్ళ అమ్మది. అందుకే ఊళ్ళో ఎవరూ ఇరుకు పేరెత్తలేదు. సొంత వదినని చెరువు వదులుకోమని ఆంజనేయులు ఎలా అంటాడు? ఇంకొకళ్ళెలా అంటారు? ఆ మాట రాసే హక్కు ఒక్క పిల్లకే ఉంది.

వరస నేను చెప్పినట్టు లేదు. నేను చెప్పినదానికంటే బాగుంది. వలికి ఆ మాట చెప్పాను, అందరి ముందూ. వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఇన్నేళ్ళుగా పాఠం చెప్పి చెప్పి, చివరికి నా పాఠాన్ని నాకే దిద్దే పిల్లాడు దొరికాడు. ఇంతకంటే ఏం కావాలి నాకు?

నాంచారి మాత్రం కలం పట్టుకుని కూచునే ఉంది. శుద్ధప్రతి మొదలుపెట్టలేదు.

“అమ్మకి చెప్పలేదండీ,” అంది.

నమోదు 10

రత్తమ్మే బడికి వచ్చింది. కూతురు రాత్రి సరిగ్గా తినలేదని, సంగతి వలి వాళ్ళ అమ్మ దగ్గర ఆరా తీసి వచ్చింది. వెనక బెంచీలో కూచుంది. తాడు మీద చీటీలన్నీ ఆ చివర్నించి ఈ చివరికి చదివింది. నాంచారి గోడకి జారబడి నిలబడింది.

“నేనేం చెప్పకూడదంట కదండీ,” అంది రత్తమ్మ నాతో.

ఒక్క వాక్యంలో ‘అట’, ‘కదా’ రెండూ వచ్చేశాయి. పిల్లలు నవ్వలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం అలవాటుగా డబ్బా తెచ్చి ఇచ్చింది. రత్తమ్మ కారణం అడక్కుండా డబ్బా తీసుకుని అడుగుకి దిగింది. నీళ్ళు తోడింది. నీళ్ళన్నీ అయిపోయాక కూడా కాసేపు ఆ చెక్కల మీద అలాగే కూచుంది. ఆ చెరువు తవ్వినప్పుడు నాంచారి కడుపులో ఉందని ఊళ్ళో అందరికీ తెలుసు.

పైకి వచ్చి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, కూతురి దగ్గర ఆగింది.

“అక్షరాలు గుండ్రంగా రాయవే. నీ రాత ఎవరికీ అర్థం కాదు,” అంది. వెళ్ళిపోయింది.

నాంచారి భోరుమంది. కన్నీళ్ళు కాగితం మీద పడకుండా పక్కకి తిరిగి ఏడ్చి, మొహం కడుక్కొచ్చి, శుద్ధప్రతి మొదలుపెట్టింది. అంత గుండ్రటి అక్షరాలు ఆ పిల్ల చేతినుంచి నేనెప్పుడూ చూడలేదు.

నమోదు 11
పౌర్ణమి పోటు.

తూకం మంటపం మిట్ట కింద, నీళ్ళ మీద ఉంటుంది. రెండు ఊళ్ళూ వచ్చాయి. ఒకవైపు మావాళ్ళు, ఒకవైపు వాళ్ళు, మధ్యలో ఎవరూ తొక్కని ఖాళీ. తూకం అంటే పిల్లలు పెద్ద యంత్రం ఊహించుకుంటారు. ఒక బల్ల, ఒక ముల్లు, రెండు కాగితాలు పట్టేంత పళ్ళాలు, అంతే.

నాంచారి లేచింది. కాగితం విప్పి చదివింది.

“వరిలంకలో అన్నంలోకి ఎవరూ ఉప్పు వెయ్యరు. వెయ్యక్కర్లేదు. నేను తిన్నాను. నారుమడి మీద తెల్లటి పొర ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. అది మా చెరువులోకి వచ్చే పోటులోని ఉప్పే. మాకు బతుకునిచ్చి అక్కడిదాకా పోయి, వాళ్ళ నారుని చంపుతోంది. తిరుపతమ్మ వాళ్ళ మామ్మ ఆ నీళ్ళతోనే మాకు పప్పు వండి పెట్టింది. ఇలాగే ఉంటే వాళ్ళు ఊరొదిలి పోవాలి. పోవడానికి వాళ్ళకీ పెట్టెమేడలే ఉన్నాయి. అందుకే వాళ్ళు లాకు మూయమంటున్నారు. నేను ఆ ఊళ్ళో పుట్టి ఉంటే నేనూ అదే అడిగేదాన్ని.”

అవతలి వైపు వాళ్ళ మగవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మామ్మ కర్ర ఊతంగా లేచింది.

“ఇది మా మాటే,” అంది. “ఆ పిల్ల ఆ రోజు అన్నం సగంలోనే లేచింది. ఈసారొస్తే కడుపునిండా పెడతా.”

నవ్వులు రెండు వైపులా వినిపించాయి. నా కళ్ళు మసకబారాయి. పక్కనున్నవాళ్ళకి దుమ్ము పడిందని చెప్పాను. నీళ్ళ మీద దుమ్మేమిటని వాళ్ళు అడగలేదు.

తరువాత తిరుపతమ్మ చదివింది. పోటు తగ్గితే పీతలు ఎలా గట్టెక్కుతాయో, వాటి వెనక పిల్లలు ఎలా పరిగెడతారో, తన వేలు ఎలా తెగిందో. ఒక్క ‘అట’ లేదు. మా వైపు నుంచి జవాబు చెప్పాల్సింది ఆంజనేయులు. లేచాడు. గొంతు సవరించుకున్నాడు.

“మా మాటే కదా,” అన్నాడు. పిల్లలు మూతులకి చేతులు అడ్డం పెట్టుకున్నారు.

వ్యాసాలు పూర్తిగా చదివారు. నాంచారి ఇరుకు దగ్గర కట్ట మాటకి వచ్చేసరికి మా వైపు గుసగుసలు మొదలయ్యాయి. ఆ పిల్ల ఆపి, తలెత్తి, “కట్టకి ఆవల పోయే చెరువు మా అమ్మది. అది నాకు తెలిసే రాశాను,” అని మళ్ళీ కాగితం చూసి చదివింది. గుసగుసలు ఆగిపోయాయి.

ముల్లు చాలాసేపు ఊగింది. మా వైపు వచ్చి ఆగింది. పలక మీద తీర్పు వెలిగింది. లాకు తెరిచే ఉండాలి. ఇరుకు దగ్గర కట్ట రెండు ఊళ్ళూ కలిసి వెయ్యాలి. ఆవల చెరువు మంచినీటి చెరువవుతుంది. కింద ఇంకో వాక్యం ఉంది, ఇదివరకెప్పుడూ ఏ తీర్పులోనూ అలాంటిది చూడలేదు: “రెండు వ్యాసాల్లోనూ ఎదుటివారి పేరా ‘అట’ లేకుండా రావడం ఇదే మొదటిసారి.”

ఆంజనేయులు రత్తమ్మ దగ్గరికి వెళ్ళాడు. తలెత్తలేదు. “వదినా, నా చెరువులో సగం నీది. నీ దాంట్లో చేపపిల్లలు నేనేయిస్తా.”

“ముందు కట్ట పనికి మనుషుల్ని పిలువు,” అంది రత్తమ్మ. కూతుర్ని దగ్గరికి లాక్కుని జడ సరిచేసింది. వలి కాస్త దూరంలో నిలబడి, తీర్పు పలక మీది వాక్యాల వరస చూస్తున్నాడు. అందులో కూడా ఏదో ఒకటి జరపాలనిపిస్తోంది కాబోలు వాడికి.

నమోదు 12

పై ఊళ్ళ టీచర్లు అప్పుడే కబుర్లు పంపుతున్నారు. మడదిబ్బలో ఒక పిల్ల సొంత చెరువు వదులుకుని వ్యాసం రాసిందట, నిజమేనా అని. ఎదుటి ఊరివాళ్ళే మెచ్చుకున్నారట, నిజమేనా అని.

అందరికీ ఒకటే జవాబు రాశాను. ‘అట’ కాదు. నేను అక్కడే ఉన్నాను. ఆ పిల్ల ఆ నీళ్ళు తాగుతుంటే చూశాను. గుండ్రటి అక్షరాలు ఒక్కొక్కటీ కాగితం మీద పడుతుంటే చూశాను. తాడు మీద చీటీ ముందుకొచ్చినప్పుడు అరిచిందీ నేనే, తరువాత తల వంచిందీ నేనే.

ఇవాళ తరగతిలోకి వస్తుంటే పిల్లలంతా లేచి నిలబడ్డారు. పాఠం చెప్పాలి, చిన్నవాళ్ళకి తాడు సంగతి మొదట్నుంచి చెప్పాలి. పాఠం పక్కన పెట్టేశాను. గర్వంతో నాంచారి వైపూ వలి వైపూ చూసి, నోటికొచ్చింది అనేశాను.

“ఎంత బాగా రాశారర్రా, కదా!”

 నాంచారి లేచి, డబ్బా తెచ్చి, రెండు చేతులతో వినయంగా నాకు అందించింది.

చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని అడుగుకి దిగాను. ఇవాళ నీళ్ళు బాగానే ఊరాయి. తోడుతున్నాను.